పదో తరగతి మార్కులు చూసుకుని పై చదువు ఎంచుకోవడం ఎలా?

"మా వాడికి 480 వచ్చాయి, ఏ గ్రూపు బాగుంటుంది?" పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నుంచి జూన్‌లో కాలేజీలు తెరిచేదాకా ఇదే ప్రశ్న. అంకె ఒక్కటే మారుతుంది. అడిగేది ఆమదాలవలస వారైనా, బొబ్బిలి వారైనా నేను తిరిగి అడిగేది ఒకటే: ఆ 480 ఏ సబ్జెక్టులో ఎన్నెన్ని? చాలామంది తల్లిదండ్రులకు వెంటనే గుర్తుకు రాదు. పక్కింటి అమ్మాయి మొత్తం మాత్రం తడుముకోకుండా చెబుతారు.

మొత్తం మార్కులు బంధువులకు చెప్పుకోవడానికి పనికొస్తాయి. గ్రూపు ఎంచుకోవడానికి సబ్జెక్టు మార్కులు కావాలి, వాటిని పోల్చవలసింది పక్కవారితో కాదు, మీరు చేరబోయే చదువు అడిగే వాటితో. ఆ పోలిక ఎలా చేయాలో ఇక్కడ వరసగా చెబుతాను. రాష్ట్ర బోర్డులో పది రాసిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలను దృష్టిలో పెట్టుకున్నాను. పిల్లలూ చదవండి, పెద్దలూ చదవండి. వీలైతే కలిసి కూర్చుని చదవండి.

కావలసినవి

- మార్కుల మెమో. ఫలితాల రోజున ఫోనులో కనిపించే తెర బొమ్మ చాలదు, సబ్జెక్టు వారీ మార్కులున్న ప్రతి కావాలి. ప్రభుత్వ వెబ్‌సైటులో గానీ, మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009లో గానీ హాల్‌టికెట్ నంబరు ఇస్తే మార్కులు వస్తాయి.
- ప్రీఫైనల్, అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు. ప్రోగ్రెస్ కార్డు పారేసి ఉంటే తరగతి టీచరు దగ్గర రిజిస్టరులో ఉంటాయి.
- పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) పాత ప్రశ్నపత్రం ఒకటి, జవాబులతో సహా.
- ఆధార్ కార్డు.
- ఒక తెల్ల కాగితం, పెన్ను, ఎవరూ ఫోను చూడని ఒక సాయంత్రం.

1. ముందు మెమోలో అక్షరాలు చూడండి, తర్వాతే అంకెలు

అందరూ మార్కులు చూసి మెమో మడిచి పెట్టేస్తారు. విద్యార్థి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, ఇంటిపేరు అక్షరాలు ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో మొదట చూడండి. పుట్టిన తేదీకి జీవితాంతం చూపించే కాగితం ఇదే. పాస్‌పోర్టుకైనా, ఉద్యోగానికైనా దీన్నే అడుగుతారు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉండటం మన వైపు చాలా మామూలు. తప్పు కనిపిస్తే ప్రధానోపాధ్యాయుడికి అప్పుడే రాసి ఇవ్వండి. పిల్లవాడు ఆ బడి వదిలిన నాలుగేళ్లకు వెళితే పాత రిజిస్టరు వెతికించడమే పెద్ద పని.

2. మార్కులను మూడు కుప్పలుగా విడదీయండి

పదిలో ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. హిందీలో 20, మిగతా వాటిలో 35 వస్తే ఉత్తీర్ణత. సైన్సు మాత్రం భౌతిక శాస్త్రం 50, జీవశాస్త్రం 50గా రెండు పేపర్లు రాస్తారు. కాగితం మీద ఇలా రాసుకోండి:

మొదటి కుప్ప: గణితం, భౌతిక శాస్త్రం.
రెండో కుప్ప: జీవశాస్త్రం.
మూడో కుప్ప: సాంఘిక శాస్త్రం, భాషలు. ఇంగ్లిషు కింద ఒక గీత గీయండి, దాని సంగతి చివర వస్తుంది.

సైన్సు మార్కులు విడివిడిగా తెలియకపోతే ప్రీఫైనల్‌లో ఆ రెండు పేపర్లకు ఎన్నెన్ని వచ్చాయో చూడండి. సైన్సులో 80 అంటే భౌతిక శాస్త్రంలో 33, జీవశాస్త్రంలో 47 కావచ్చు. తారుమారు కూడా కావచ్చు. ఆ ఇద్దరికీ ఒకే గ్రూపు చెప్పడం పొరపాటు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఇది లెక్క కోసం కల్పించినదే, ఇలాంటి జంట మాత్రం ప్రతి వీధిలోనూ ఉంటుంది. అక్కకు తెలుగు 96, హిందీ 94, ఇంగ్లిషు 91, గణితం 68, సైన్సు 72, సాంఘికం 95. మొత్తం 516. పినతండ్రి కొడుక్కి తెలుగు 74, హిందీ 61, ఇంగ్లిషు 70, గణితం 95, సైన్సు 90, సాంఘికం 71. మొత్తం 461. పెళ్లిలోనో పేరంటంలోనో కలిసినప్పుడు అక్క గెలిచింది, తమ్ముడు ఓడిపోయాడు. ఎంపీసీ (గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు) కళ్లతో చూడండి: గణితం, సైన్సు కలిపి అక్కకు 140, తమ్ముడికి 185. ఇంట్లో ఏమి జరుగుతుందో మీకు తెలుసు. 516 వచ్చిన అమ్మాయిని విశాఖలో పెద్ద ఫీజు కట్టి ఎంపీసీలో చేరుస్తారు, 461 వచ్చిన అబ్బాయికి "నీకు ఇంజినీరింగ్ ఎందుకులే" అంటారు. సాంఘికంలో 95, మూడు భాషల్లోనూ 90 దాటిన ఆ అమ్మాయికి సీఈసీ (పౌరశాస్త్రం, ఆర్థికం, వాణిజ్యం), హెచ్‌ఈసీ (చరిత్ర, ఆర్థికం, పౌరశాస్త్రం), అక్కడి నుంచి న్యాయశాస్త్రం, ఉపాధ్యాయ వృత్తి, సివిల్స్ దారి ఉందని ఎవరూ అనరు. ఆమె ఎంపీసీ చదవలేదని నేను అనడం లేదు. చదవగలదు, గణితం మీద రోజూ అదనంగా కూర్చోవాలి. ఆ సంగతి చేరక ముందే ఆమెకు తెలియాలి.

సీబీఎస్‌ఈ చదివిన పిల్లలతో పోల్చుకునే వారికి ఒక మాట. వాళ్ల మెమోలో ఒక్కో సబ్జెక్టుకు 80 బోర్డు పరీక్షవి, 20 బడిలో వేసినవి. మన పిల్లల వందా పరీక్షలో వచ్చినవే. పోల్చి తీరాలనుకుంటే వాళ్ల 80లో వచ్చినవాటిని శాతంగా మార్చి, గణితానికి గణితం, సైన్సుకు సైన్సు పోల్చండి.

సరిచూసుకోవడం: ప్రీఫైనల్ మార్కుల పక్కన ఫైనల్ మార్కులు రాయండి. ఏ సబ్జెక్టులోనైనా రెంటి మధ్య 15కు మించి తేడా ఉంటే అక్కడ ఆగండి. పెరిగితే, చివరి నెల కష్టమా, ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టి తెచ్చుకున్నవా అని పిల్లలను కోప్పడకుండా అడగండి. బాగా తగ్గితే కింది మెట్టు మీ కోసమే.

3. మార్కుల మీద అనుమానం ఉంటే

రెండు పద్ధతులున్నాయి. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులను మళ్లీ కూడటం, సబ్జెక్టుకు 500 రూపాయలు. రీవెరిఫికేషన్ అంటే దిద్దని జవాబు ఏదైనా ఉందా, కూడికలో తప్పుందా అని పత్రమంతా చూసి, దాని నకలు కూడా ఇవ్వడం, సబ్జెక్టుకు 1000 రూపాయలు. రీవెరిఫికేషన్‌కు పెడితే రీకౌంటింగ్‌కు వేరే కట్టనక్కరలేదు. దరఖాస్తు బడి ద్వారానే వెళుతుంది, గడువు ఫలితాల తర్వాత వారం పది రోజులకు మించదు.

దీన్ని తేలిగ్గా కొట్టిపారేయవద్దు. 2025లో రీవెరిఫికేషన్ చేసినప్పుడు వేల జవాబు పత్రాల మార్కులు మారాయి. అలాగని ఆరు సబ్జెక్టులకూ కట్టకండి. ప్రీఫైనల్‌తో పోలిస్తే బాగా పడిపోయినది, పిల్లవాడు పరీక్ష రాసి వచ్చిన రోజే "బాగా రాశాను" అన్నది, ఈ రెండూ కలిసిన సబ్జెక్టుకు కట్టండి. పది మార్కులతోనే సీటిచ్చే ట్రిపుల్ ఐటీకి పెట్టాలనుకుంటే రెండు మూడు మార్కులు కూడా సీటును అటూ ఇటూ చేస్తాయి కాబట్టి అక్కడ కొంచెం ధారాళంగా ఉండవచ్చు.

నకలు చేతికొచ్చాక ఇలా చూడండి. మొదట లోపలి పేజీల్లో ప్రశ్న పక్కన వేసిన మార్కులు ఒక్కొక్కటీ కాగితం మీద దింపుకొని కూడండి. తర్వాత మొదటి పేజీలోని పట్టికతో పోల్చండి. ఆ తర్వాత, ఎర్ర సిరా తగలని జవాబు ఉందా అని పేజీ పేజీ తిప్పండి. ఎక్కువగా తప్పిపోయేది పుస్తకం చివర "మిగిలింది ఇక్కడ" అని పిల్లలు రాసిన సగం జవాబు. గ్రాఫు కాగితం, పటం కూడా చూడండి.

4. ఏ దారి ఏమి అడుగుతుందో తెలుసుకోండి

ఇంటర్మీడియట్. సీటుకు పెద్ద ఇబ్బంది లేదు, పది ఉత్తీర్ణత చాలు. ఇబ్బంది లోపలికి వెళ్లాక మొదలవుతుంది. 2025-26 నుంచి మొదటి ఏడాదికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది. గణితం రెండు పేపర్ల బదులు 100 మార్కులకు ఒకటే పేపరు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కలిసి జీవశాస్త్రం అయ్యాయి. గణితం, జీవశాస్త్రం రెండూ చదివే ఎంబైపీసీ కూడా వచ్చింది. కాబట్టి అన్నయ్య పాత నోట్సు అలాగే పనికొస్తుందని అనుకోవద్దు. ఇంజినీరింగ్‌కు రాసే ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. పది మార్కులను అక్కడ లెక్కలోకి తీసుకోరు.

పాలిటెక్నిక్. మూడేళ్ల డిప్లొమా. పాలిసెట్ 120 ప్రశ్నలు, రెండు గంటలు: గణితం 50, భౌతిక శాస్త్రం 40, రసాయన శాస్త్రం 30. అన్నీ పదో తరగతి పాఠాల్లోంచే. 30 శాతం అంటే 36 మార్కులు వస్తే ర్యాంకు ఇస్తారు, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీస మార్కుల నియమం లేదు. శ్రీకాకుళంలో ప్రభుత్వ పాలిటెక్నిక్, మహిళా పాలిటెక్నిక్, ఆమదాలవలస, టెక్కలిలో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు, విజయనగరంలో ఎంఆర్ఏజీఆర్ పాలిటెక్నిక్ ఉన్నాయి. డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా వెళ్లవచ్చు. మార్కులు తక్కువ వచ్చినవాళ్లు పోయే చోటు అన్న మాట ఎవరు పుట్టించారో గాని, చేతి పని మీద ఇష్టమున్న, గణితం బాగా వచ్చిన పిల్లవాడికి ఇంటర్ కంటే ఇది మంచి దారి అన్నది నా అభిప్రాయం. ఇంట్లో సంపాదన త్వరగా కావలసిన వాళ్లకు మరీను.

ఇక్కడే పెద్ద హెచ్చరిక. పాలిసెట్ దరఖాస్తు పది ఫలితాల కోసం ఆగదు. 2025లో పరీక్ష ఏప్రిల్ 30న జరిగింది, దరఖాస్తు గడువు అంతకు ముందే, ఫలితాలు రాకుండానే ముగిసింది. మార్కులు చూసి పెడదాంలే అనుకున్నవాళ్లకు ఏడాది పోయింది. గురుకుల జూనియర్ కాలేజీల ప్రవేశ పరీక్షదీ ఇదే తీరు. ఇది చదువుతున్న వారి ఇంట్లో ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలుంటే వాళ్లు పది చదివే ఏడాది మార్చి నెల మీద ఇప్పుడే రాసి పెట్టండి.

ట్రిపుల్ ఐటీ. ఎచ్చెర్ల దగ్గర ఉన్న శ్రీకాకుళం ప్రాంగణంతో పాటు నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు. ఇంటర్‌తో సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు. ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కులే కొలబద్ద. కాబట్టి మొత్తం మార్కులకు నిజంగా విలువ ఉన్న చోట్లలో ఇది ముఖ్యమైనది. మొదటి ప్రయత్నంలోనే పది ఉత్తీర్ణులై ఉండాలి. హాస్టలు లేని ప్రభుత్వ బడుల్లో చదివినవారికి 4 శాతం అదనంగా కలుపుతారు. సమాన మార్కులు వస్తే గణితం మార్కులు ముందు చూస్తారు. ప్రకటన ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే వస్తుంది, ఎదురు చూస్తూ కూర్చోకండి, దరఖాస్తు పెట్టి ఇంటర్ సీటు కూడా చూసుకోండి. మన ఎచ్చెర్లే కావాలని మొదటి ఎంపికగా పెట్టినా వేరే ప్రాంగణం రావచ్చు. దూరం పంపుతారా లేదా అన్నది దరఖాస్తు నింపే ముందే ఇంట్లో తేల్చుకోండి. సీటు వచ్చాక అమ్మ ఏడుపు, అబ్బాయి అలక మొదలైతే ఎవరికీ మంచిది కాదు.

ఐటీఐ. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. పది మార్కుల మీదే సీటు. తర్వాత చదవాలనిపిస్తే బ్రిడ్జి కోర్సు ద్వారా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి దారి ఉంది.

బైపీసీ (జీవశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలు) గురించి విడిగా చెప్పాలి. వైద్యం అనగానే నీట్ ప్రవేశ పరీక్ష, నీట్ అనగానే భయం. బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే కాదు. నైరలో వ్యవసాయ కళాశాల ఉంది, గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ చదువులు ఉన్నాయి. వీటిలో వ్యవసాయం సీట్లకు నీట్ అక్కరలేదు, ఈఏపీసెట్ ర్యాంకు చాలు. పొలం ఉన్న ఇంటి పిల్లలకు నైర దారి తెలియకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

5. చేరక ముందు ఇంట్లో చిన్న పరీక్ష పెట్టుకోండి

మెమో గడచిన ఏడాది సంగతి చెబుతుంది. పిల్లవాడికి విషయం ఎంత పట్టుబడిందో ఈ చిన్న పరీక్ష చెబుతుంది.

ఎంపీసీ, పాలిటెక్నిక్ అనుకునేవారికి: పాత పాలిసెట్ పత్రంలో గణితం 50 ప్రశ్నలు తీయండి. 50 నిమిషాలు. క్యాలిక్యులేటరు వద్దు, గైడు వద్దు. ఒక షరతు: తెలియని ప్రశ్నను ఖాళీగా వదిలేయాలి. అసలు పరీక్షలో తప్పు జవాబుకు మార్కు తగ్గించరు కాబట్టి అక్కడ అన్నీ పెట్టాలి. ఇంట్లో మాత్రం గుడ్డిగా పెడితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. నాలుగు జవాబుల్లో ఒకటి చొప్పున కళ్లు మూసుకుని పెట్టినా 12 దాకా వచ్చేస్తాయి. 35 పైన వస్తే ధైర్యంగా వెళ్లండి. 25 నుంచి 35 మధ్య వస్తే వేసవిలో త్రికోణమితి, బీజగణితం మళ్లీ చేయాలి. 20కి తక్కువ వచ్చి, మెమోలో గణితం 90 ఉంటే, ఆ 90 బట్టీ నుంచి వచ్చినదేమో ఆలోచించండి. పిల్లవాడి ముందు నిలబడి గడియారం చూపించకండి, పక్క గదిలో ఉండండి.

బైపీసీ అనుకునేవారికి: ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి జీవశాస్త్రం పుస్తకం ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఒక పాఠం వారం రోజులు చదివి, పుస్తకం మూసి, పేర్లతో సహా చెప్పమనండి, బొమ్మ గీయమనండి. విసుగు లేకుండా చేస్తే మంచి గుర్తు. అదే వారంలో భౌతిక శాస్త్రంలో సరళరేఖలో చలనం పాఠం కూడా తెరవండి. "లెక్కలు తప్పుతాయని బైపీసీ" అనేవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు. భౌతిక శాస్త్రం ఉన్నంతవరకు లెక్కలు వెంట వస్తూనే ఉంటాయి.

సీఈసీ, హెచ్‌ఈసీ అనుకునేవారికి: ఒక రోజు దినపత్రిక తీసుకుని బడ్జెటు గురించో పంటల ధరల గురించో ఉన్న వార్త ఒకటి చదివి, సొంత మాటల్లో ఒక పేజీ రాయమనండి. రాయడం ఇష్టంగా సాగితే చాలు.

6. కాలేజీని కళ్లతో చూసి రండి

కరపత్రంలో రంగుల ఫోటోలు, ర్యాంకులు అందరికీ ఉంటాయి. మీరు వెళ్లి అడగవలసినవి వేరు.

ఇంటర్ బోర్డు గుర్తింపు ఈ భవనానికి, ఈ గ్రూపుకు ఉందా? ఒక పేరుతో నాలుగు శాఖలు నడిపి, పరీక్షకు మరో కాలేజీ పేరు మీద పంపే చోట్లు ఉంటాయి. గుర్తింపు పత్రం చూపించమనండి, మొహమాటం వద్దు.

గత ఏడాది చేరినవాళ్లు ఎందరు, వాళ్లలో అందరూ పరీక్ష రాశారా? గోడ మీద నవ్వుతున్న పది మంది సంగతి కాదు, మధ్యలో మానేసినవాళ్ల సంగతి అడగండి.

మొత్తం ఫీజు రాసి ఇస్తారా? ప్రవేశం, హాస్టలు, పుస్తకాలు, పరీక్ష ఫీజు, బట్టలుతికే ఖర్చు అన్నీ కలిపి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో కూడా అదే కాగితం మీద రాయించండి.

హాస్టలు అయితే మధ్యాహ్నం భోజనం వేళకు, చెప్పకుండా వెళ్లండి. మరుగుదొడ్లు చూడండి. అక్కడి పిల్లలను రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, ఉదయం ఎన్నింటికి లేస్తారు అని అడగండి. ఆరు గంటలైనా నిద్ర లేని చోట చదువు నిలవదు.

ఇంటి నుంచి వెళ్లి వచ్చేవాళ్లు బస్సు ఎక్కి చూడండి. ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి రోజూ శ్రీకాకుళం వచ్చి పోవడం మ్యాపులో తేలిగ్గా కనిపిస్తుంది. రోజుకు నాలుగైదు గంటలు బస్సులో పోతే పేరున్న కాలేజీ కంటే సోంపేటలోనో పలాసలోనో ఉన్న మామూలు కాలేజీయే మేలు.

ప్రభుత్వ జూనియర్ కాలేజీని జాబితాలోంచి ముందే కొట్టేయకండి. 2025 జనవరి నుంచి అక్కడ డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. వెళ్లి ఒకటే చూడండి: మీకు కావలసిన గ్రూపులో ప్రతి సబ్జెక్టుకూ అధ్యాపకుడు ఉన్నాడా, ప్రయోగశాల తాళం తుప్పు పట్టి ఉందా, తీసి ఉందా. అధ్యాపకులు ఉంటే, ఆదా అయిన ఫీజుతో ఒక్క సబ్జెక్టుకు ట్యూషన్ పెట్టించినా మిగులుతుంది.

7. చేరేటప్పుడు కాగితాలు

మెమో, టీసీ, నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, ఫోటోలు. స్టడీ సర్టిఫికెట్లు రెండు మూడు బడుల్లో తిరిగి తేవలసి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కదా, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. పాత పత్రాల్లో శ్రీకాకుళం జిల్లా అని, కొత్త వాటిలో వేరే జిల్లా అని ఉంటే కంగారు పడకండి, దరఖాస్తులో మాత్రం ఇప్పటి జిల్లానే రాయండి.

ఒరిజినల్స్ ఇచ్చేముందు ప్రతి కాగితానికి మూడు నకళ్లు తీయించండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. ట్రిపుల్ ఐటీ, పాలిటెక్నిక్ కౌన్సెలింగ్ ఇంకా మిగిలి ఉండగా ఒక ప్రైవేటు కాలేజీలో ఒరిజినల్స్ ఇచ్చేసి, తీరా సీటు వచ్చాక వాటి కోసం కాళ్లరిగేలా తిరిగినవాళ్లు ఏటా ఉంటారు. ఆ ఫలితం తేలేదాకా నకళ్లతో చేర్చుకోమని అడగండి. ఒప్పుకోకపోతే ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో రాయించుకోండి. ఫలితాలు రాకముందే "సీటు బ్లాక్ చేస్తాం, అడ్వాన్సు కట్టండి" అనేవారి దగ్గర తొందర పడకండి.

తరచూ జరిగే తప్పులు

స్నేహితుడు తీసుకున్న గ్రూపే తీసుకోవడం. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చోవాలన్న కోరిక తప్పు కాదు, కాలేజీ ఒకటే అయినా గ్రూపులు వేరు కావచ్చు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అన్న సామెత పిల్లలకంటే పెద్దలకే ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే పక్కింటివారి పిల్లవాడు ఏ అకాడమీలో చేరాడో కనుక్కుని వచ్చేది వాళ్లే.

"ఎంపీసీ తీసుకుంటే అన్ని దారులూ తెరిచే ఉంటాయి." చాలా ఉంటాయి, అన్నీ ఉండవు. జీవశాస్త్రం లేకుండా నీట్ రాయడం కుదరదు. రెండు మనసులతో ఉన్నవాళ్లు ఎంబైపీసీ గురించి అడగవచ్చు, కానీ అది రెండింతల మోత. మొదటి, రెండో కుప్ప రెండూ గట్టిగా ఉన్నవాళ్లకే.

ఇంగ్లిషును లెక్కలోకి తీసుకోకపోవడం. ఇందాక గీత గీసిన అంకె ఇదే. తెలుగు మాధ్యమం నుంచి వెళ్లేవాళ్లకు మొదటి మూడు నెలలు విషయం కంటే భాషే అడ్డం వస్తుంది. మే నెలలో రోజుకు పది పదాలు, సైన్సు, గణితం పుస్తకాల్లోంచే ఏరి, తెలుగు అర్థం పక్కన రాసుకుంటూ పొండి. ఇంగ్లిషులో 50 లోపు వచ్చినవాళ్లు దీన్ని దాటవేయవద్దు.

సరైన గ్రూపేనా అని ఎలా తెలుస్తుంది?

జూన్, జూలైలో ఏడుపు లెక్కలోకి రాదు. ఇల్లు వదిలిన ఏ పిల్లవాడికైనా అది ఉంటుంది. ఆగస్టులో చూడండి. యూనిట్ పరీక్షల మార్కులు తక్కువే ఉండవచ్చు, ఒక్కో పరీక్షకు కొంచెమైనా పెరుగుతున్నాయా? గ్రూపు సబ్జెక్టుల్లో ఒక్కదాన్నయినా ఎవరూ చెప్పకుండా తెరుస్తున్నాడా? "అర్థం కాలేదు" అంటున్నాడా, "ఇది నాకెందుకు" అంటున్నాడా? మొదటిదానికి ట్యూషన్ సరిపోతుంది, రెండోదానికి సరిపోదు. గ్రూపు మార్చాలంటే ప్రిన్సిపాల్‌ను ఆ నెలలోనే అడగండి, పరీక్ష ఫీజు కట్టాక ఎవరూ ఏమీ చేయలేరు. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు "ఎన్ని మార్కులు" అని కాక "ఏ పాఠం బాగుంది" అని అడిగి చూడండి. జవాబు పది నిమిషాలు సాగితే గ్రూపు కుదిరినట్టే.

పది తప్పినవారికి

అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఆ వేసవిలోనే ఉంటుంది, ఫీజు గడువు ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. బడికి వెళ్లి ఆ రోజే కనుక్కోండి. ఉత్తీర్ణులైతే అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు. ఒక్క సబ్జెక్టు పోయినవాళ్లు అంతకు ముందే రీవెరిఫికేషన్‌కు కూడా పెట్టండి, ఒకటి ఒకటికి అడ్డం కాదు. మళ్లీ తప్పినా సార్వత్రిక విద్యా పీఠం ద్వారా పది, ఇంటర్ రాసే వీలుంది, జిల్లాలో చాలా ఉన్నత పాఠశాలల్లో వాటి కేంద్రాలు ఉన్నాయి. ఐటీఐలో వెల్డర్ లాంటి కొన్ని ట్రేడ్‌లకు పది ఉత్తీర్ణత అడగరు. ఆ ప్రవేశాల తేదీలు ప్రభుత్వ ఐటీఐ నోటీసు బోర్డులో పెడతారు.